నీటి గీతలు

పందొమ్మిదేళ్లుగా షికాగోలో సిటీ బస్సు నడుపుతున్నాను.
అందరినీ ఎవరిళ్ల దగ్గర వాళ్లను దింపి
నేను అద్దెకు తిరిగొచ్చేదాన్ని.
ముగ్గురు యజమానులు మారారు.
గోడకు మేకు కొట్టాలన్నా ఒకరి నోటివంక చూడాలి.
మా ఇట్సెల్ గీసిన బొమ్మలన్నీ
ఫ్రిజ్ తలుపు మీదే పెరిగాయి.

ఉత్తరాన ఇళ్ల ధరలు అడిగితే
ఏజెంటు జాలిగా నవ్వాడు.
"మీ జీతానికి..." అంటూ మ్యాపు మీద వేలు కిందికి జార్చి,
ఇంకా కిందికి జార్చి,
ఊరు అయిపోయే చోట ఆపాడు. హెగ్విష్.
అక్కడికి నా బస్సు కూడా వెళ్లదు.

మూతపడిన ఉక్కు మిల్లులు. వాటి వెనక రెల్లు.
రెల్లులో ఒంటికాలి మీద కొంగ.
గేటు పడింది. గూడ్సు బండి.
నూట పదమూడు పెట్టెలు లెక్కపెట్టాను,
పని లేక కాదు, గుబులు పుట్టి:
రోజూ ఇలా ఆగిపోతే డిపోలో ఏమని చెప్పుకోను?
నా వెనక పికప్‌లో ముసలాయన మాత్రం ఇంజను ఆపేసి
సాండ్‌విచ్ పొట్లం విప్పుకున్నాడు.

ఇల్లు ఇటుకది. చిన్నది.
వంటింటి కిటికీకి ఎదురుగా పక్కింటి వంటింటి కిటికీ,
మధ్యన మనిషి పక్కవాటుగా పట్టేంత సందు.
అమ్మేది జద్విగా మ్రోజ్. ఎనభై మూడేళ్లావిడ.
ముందు నా బూట్లు చూసింది, తర్వాత మొహం.
"బస్సు తోలతావా? మా ఆయన మిల్లులో క్రేను తోలేవాడు.
కూర్చుని పనిచేసేవాళ్లకు ముందు పోయేది నడుమే,"
అంటూ కుర్చీ లాగింది.

నేలమాళిగ సంగతెత్తితే ఏజెంటు గడియారం చూసుకున్నాడు.
ఆవిడ గోడ పట్టుకుని దిగింది. వెనకే నేను.
బాయిలరు పక్కన గోడంతా పెన్సిలు గీతలు,
గీత గీతకూ ఒక సంవత్సరం.
"పిల్లలు ఎదిగిన గుర్తులా?" అన్నాను మురిపెంగా.
"మాకు పిల్లల్లేరు. ఇవి నీళ్లు."
పిక్కల దగ్గర రెండు. మోకాలి దగ్గర ఒకటి.
ఒకటి మాత్రం నా నడుము దాటి.
"ఆ రాత్రి బంగాళాదుంపలూ తేలాయి, పెళ్లి ఫొటోలూ తేలాయి.
ఆయన దుంపల బుట్ట పట్టుకున్నాడు.
చచ్చేదాకా దెప్పాను."

పైన ఏజెంటు దగ్గాడు.
కారు దగ్గర మళ్లీ దగ్గి,
"పెద్దావిడకు మతి సరిగ్గా లేదు" అన్నాడు.
ఆ మతిని చూసే నేను సంతకం పెట్టాను.

ముప్ఫై ఏళ్ల అప్పు. జానెడు మందం కాగితాలు.
రాసి రాసి, సగానికొచ్చేసరికి
ఓఫేలియా బారియెంతోస్ ఎవరో పరాయి మనిషనిపించింది.
వెళ్తూ వెళ్తూ జద్విగా
తాళాలకన్నా ముందు పంపు చూపించింది:
స్విచ్ నొక్కితే లాభం లేదు, తన్నాలి.

ఏప్రిల్‌లో పట్టిన వాన మూడు రోజులు వదల్లేదు.
రాత్రి రెండింటికి మెట్ల కింద
పిలవకుండా వచ్చి కూర్చున్న చుట్టంలా
నల్లగా, నిశ్శబ్దంగా నీళ్లు.
ఫోను తీసి ఇంటి యజమాని నంబరు వెతికాను.
చాలాసేపే వెతికాను.
ఆమె నైటీ ఎగదోపుకుని, ఒంటరిగా,
చన్నీళ్లలో నిలబడి ఉంది.

తన్నాను. ఒక్కసారి కాదు,
మేకు కొట్టనివ్వని ముగ్గురి పేరునా తన్నాను.
గుర్రుమని లేచింది పంపు.

పొద్దున ఇట్సెల్ ఆకుపచ్చ పెన్సిలు అడిగి
చీలమండ ఎత్తున గీత గీశాను, ఏడాది వేశాను.
జద్విగా అంకెల పక్కన నా అంకెలు వంకరగా ఉన్నాయి.
అది తడి గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడింది.
"నన్నూ గియ్యి."
ఏడేళ్ల పిల్ల.
అన్నిటికన్నా పెద్ద వరదకన్నా
నాలుగు వేళ్లు ఎత్తుంది.

బడికి ఆలస్యమైంది.
గేటు పడే ఉంది.
ఇంజను ఆపి, దాని టిఫిను డబ్బా విప్పాను.